ఎలక్ట్రిక్ గిటార్‌కు కర్ర ఎంపిక: గోదావరి సామిల్లు నుంచి వర్క్‌బెంచ్ దాకా

అమలాపురం నుంచి భీమవరం దాకా, సొంతంగా గిటార్ చేసుకోవాలనుకునే కుర్రాళ్లు నన్ను అడిగేది ఒకటే ప్రశ్న. "అన్నా, ఏ చెక్క కొనమంటావ్?" వీడియోల్లో చూపించే ఆల్డర్, స్వాంప్ యాష్, మేపుల్ మన సామిళ్లలో దొరకవు. తెప్పించుకుంటే కర్ర ఖర్చుకు రవాణా ఖర్చు తోడవుతుంది. దొరికే టేకు, పనస, మామిడి గురించి ఆ వీడియోల్లో ఎవరూ చెప్పరు.

నేను ఎదురు అడిగేది వేరు. "ఆ చెక్కలో తేమ ఎంతుందో చూశావా?" కోనసీమ లాంటి చోట చెట్టు పేరు కన్నా ఇది ముఖ్యం. తడి టేకు కన్నా ఎండిన మామిడి మంచి గిటార్ అవుతుంది. కింది అంచెలన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి.

## 1. సామిల్లుకు వెళ్లేముందు కొలతలు

కాగితం మీద మూడు ముక్కల కొలతలు రాసుకోకుండా ఇంట్లోంచి కదలొద్దు. కింద ఇచ్చినవి మామూలు బోల్ట్-ఆన్ గిటార్‌కు (నెక్‌ను బాడీకి స్క్రూలతో బిగించే రకం), 25.5 అంగుళాల స్కేల్‌కు (తీగ కంపించే పొడవు) సరిపోతాయి.

- బాడీ: పని పూర్తయ్యాక 16 × 13 × 1.75 అంగుళాలు. కొనేది 18 × 14 × 2. అంత వెడల్పు ఒకే పలకలో దొరక్కపోతే 18 × 7 × 2 ముక్కలు రెండు.
- నెక్ (చేత్తో పట్టుకునే పొడుగు మెడ): పూర్తయ్యాక 28 × 3 × 1. కొనేది 30 × 3.5 × 1.5.
- ఫింగర్‌బోర్డ్ (నెక్ పైన అతికించే, వేళ్లు ఆనే పలక): పూర్తయ్యాక 6 మిల్లీమీటర్ల మందం. కొనేది 22 × 3 అంగుళాలు, మందం మూడు నూళ్లు. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. సామిల్లులో మిల్లీమీటర్లు చెబితే మేస్త్రి మన మొహం చూస్తాడు.

హెడ్‌స్టాక్ (నెక్ చివర ట్యూనర్లుండే తల) వెనక్కి వాలే డిజైన్ అయితే ఒకే దుంగ కోసం 3 అంగుళాల మందం వెతక్కండి. వాలు అతుకు వేసుకుంటే 1.5 అంగుళాల ముక్క చాలు. కర్ర ఆదా అవుతుంది, హెడ్‌స్టాక్ దగ్గర విరిగే ప్రమాదం కూడా తగ్గుతుంది.

బాడీ ఆకారాన్ని అట్టముక్క మీద గీసి, కత్తిరించి వెంట తీసుకెళ్లండి. పలక మీద అటూ ఇటూ జరిపి చూస్తే ముడి ఎక్కడ పడుతుందో, నెక్ దిగే చోట పగులు ఉందో లేదో అక్కడే తేలిపోతుంది.

## 2. ఏ నెలలో కొనాలి

సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టి, ఏప్రిల్ లోపు కొనండి. డెల్టాలో వానాకాలమంతా గాలిలో తేమ 80 శాతం పైనే తిరుగుతుంది. శ్రావణంలో కొన్న కర్ర ఎంత "ఎండినది" అయినా ఆ గాలిలో తేమను పీల్చుకునే ఉంటుంది.

ఈ నాలుగు అంకెలు గోడ మీద రాసి పెట్టుకోండి. గాలిలో తేమ నిలకడగా 80 శాతం ఉంటే కర్రలో తేమ 16 శాతం దగ్గర ఆగుతుంది. గాలి 65 అయితే కర్ర 12. గాలి 50 అయితే కర్ర 9. గాలి 30 అయితే కర్ర 6.

ఇప్పుడు ఆలోచించండి. రాజోలులో ఆగస్టులో చేసిన గిటార్, మరుసటి మార్చిలో హైదరాబాద్ హాస్టల్ గదికో ఏసీ గదికో వెళ్తుంది. 16 శాతం ఉన్న కర్ర 8, 9కి దిగుతుంది. 13 అంగుళాల వెడల్పున్న మామూలు కోత (కొసన వలయాల గీతలు పడుకుని ఉండేది) టేకు బాడీ అయితే ఈ మార్పుకు అడ్డంగా 4 మిల్లీమీటర్ల దాకా కుంచించుకుపోతుంది. నెక్ పాకెట్ (బాడీలో నెక్ దిగే గుంట) బిగుసుకుంటుంది, పెయింట్ మీద అతుకు గీత తేలుతుంది.

మన గిటార్‌కు 10 నుంచి 12 శాతం మధ్య తేమతో కర్ర సిద్ధం చేసుకుంటే చాలు. విదేశీ పుస్తకాల్లో 6 నుంచి 8 అని ఉంటుంది. అది హీటర్లు నడిచే పొడి గదుల లెక్క. అంత పొడిగా చేసినా మన ఊళ్లో నెల తిరిగేసరికి మళ్లీ ఉబ్బుతుంది.

## 3. బాడీకి: మన దగ్గర దొరికే చెట్లు

కర్రను బట్టి శబ్దం మారుతుందా అన్న గొడవలోకి ఎక్కువ దిగను. ఎలక్ట్రిక్ గిటార్ పికప్ వినేది అయస్కాంతం పైన ఇనుప తీగ కంపనాన్ని. నా లెక్కలో పికప్, బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే దిమ్మ), తీగల ఎత్తు, వాయించే చెయ్యి ముందు వరసలో ఉంటాయి. బాడీ కర్ర చాలా వెనక. కాబట్టి బాడీ కర్రను బరువు, నిలకడ, పనితనం, అందం చూసి ఎంచుకోండి.

బరువుకు ఒక సులువైన లెక్క ఉంది. పొడవు × వెడల్పు × మందం అంగుళాల్లో గుణించి, దాన్ని 16.4తో గుణిస్తే ఘన సెంటీమీటర్లు వస్తాయి. ఉదాహరణకు 18 × 7 × 2 ముక్క 252 ఘనపుటంగుళాలు, అంటే దాదాపు 4.13 లీటర్లు. అది 2.6 కిలోలు తూగితే లీటరుకు 630 గ్రాములు. లీటరుకు 450 నుంచి 600 గ్రాముల మధ్య ఉంటే హాయిగా భుజాన వేసుకోవచ్చు. 650 దాటితే లోపల గదులు తొలిచి బరువు తగ్గించాలి. ఆకారం కోశాక చదును చేసిన మొత్తం ముక్క బరువులో సుమారు 60 శాతం మిగులుతుంది.

పనస. మొదటిసారి చేసేవాళ్లకు నా ఓటు దీనికే. బొబ్బిలి వీణ చేసేది ఈ కర్రతోనే. చేవ పసుపుపచ్చగా ఉండి, గాలికీ వెలుతురుకూ క్రమంగా తేనెరంగు, ఆపై గోధుమరంగు తిరుగుతుంది. ఉలికి, చిత్రికకు బాగా లొంగుతుంది. పెరట్లో పనసచెట్టు కొట్టేసిన ఇల్లు కోనసీమలో వెతక్కుండానే తగులుతుంది; కాకపోతే ఆ దుంగ పచ్చిది. ఏడాది పైన ఆరాలి.

టేకు. లీటరుకు 650 గ్రాముల దగ్గర తూగుతుంది, కొంచెం బరువే. కానీ తేమకు కదలడంలో చాలా నిదానం. పచ్చి నుంచి పూర్తిగా ఎండేదాకా టేకు అడ్డంగా 5.3 శాతం కుంచించుకుంటే, హార్డ్ మేపుల్ 9.9 శాతం కుంచించుకుంటుంది. మన వాతావరణంలో ఈ తేడా చాలా పెద్దది. అయితే చేలగట్ల మీద పెంచిన పదిహేనేళ్ల టేకు తీసుకుంటే సగానికి సగం తెల్లచెక్కే ఉంటుంది. రంగు తేడా, పుచ్చు భయం రెండూ ఉంటాయి. చేవ భాగమే అడగండి.

నిద్రగన్నేరు. రోడ్ల పక్కన గొడుగులా పరుచుకునే చెట్టు. తుఫానుకు కూలినవి సామిళ్లకు చేరుతుంటాయి. లీటరుకు 600 గ్రాముల దగ్గర, వెడల్పాటి పలకలు, ముదురు గోధుమరంగు చారలు. ఎండేటప్పుడు కుంచించుకోవడం టేకు కన్నా కూడా తక్కువ. ఇబ్బందల్లా నార అటొకసారి ఇటొకసారి తిరగడం. చిత్రిక పడితే ముక్కలుగా లేచిపోతుంది. చివరి నునుపు పని ఉప్పుకాగితంతోనే చేయాలి. ఇంత మంచి కర్రను వంటచెరకుగా అమ్మేస్తుంటే బాధేస్తుంది.

మామిడి. చవక, అందంగానూ ఉంటుంది, కానీ నమ్మదగినది కాదు. లీటరుకు 650 పైనే తూగుతుంది. కోసిన వారంలో ఆరబెట్టకపోతే నల్లమచ్చలు, పుచ్చు. పురుగు మందు పట్టించి, బట్టీలో ఎండబెట్టిన పలక దొరికితేనే తీసుకోండి. మామిడి, టేకు రెండింటి పొడీ కొందరికి దద్దుర్లు తెస్తుంది, మాస్కు లేకుండా ఉప్పుకాగితం పట్టొద్దు.

వేప. పురుగు అంత తేలిగ్గా పట్టదు, కానీ బరువు. ముడులు ఎక్కువ. ముక్క బాగుంటే తీసుకోవచ్చు, వెతుక్కుంటూ వెళ్లాల్సినంత కాదు.

కొబ్బరి. కోనసీమ కుర్రాళ్లు తప్పకుండా అడుగుతారు. కొబ్బరి మానుకు వలయాలుండవు. బయట ఇనుములా గట్టి, లోపల బెండులా మెత్తన. స్క్రూ ఒకచోట పగలగొడుతుంది, ఇంకోచోట పట్టదు. బాడీకి వద్దు. అంత మోజుంటే బయటి గట్టిభాగం నుంచి పికప్ చుట్టూ బిగించే రింగులు, తిప్పే నాబులు చేసుకోండి.

ఎర్రచందనం. ఎవరు తెచ్చిస్తామన్నా ఆ జోలికి వెళ్లకండి. గిటార్ కోసం కేసు పెట్టించుకోవడం ఎందుకు?

## 4. నెక్‌కు: ఇక్కడ రాజీ లేదు

బాడీలో చిన్న తప్పు దాచుకోవచ్చు. నెక్‌లో కుదరదు. 25.5 అంగుళాల స్కేల్ మీద 10–46 తీగల సెట్‌ను (అంగుళంలో వెయ్యో వంతుల్లో తీగల మందం) మామూలు శ్రుతిలో బిగిస్తే మొత్తం లాగుడు దాదాపు 46 కిలోలు. అంటే ఒక మనిషి ఆ నెక్‌ను పట్టుకుని ఏళ్ల తరబడి వేలాడుతున్నట్టు.

నా ఎంపిక తిన్నని నార ఉన్న చేవ టేకు. దీనికి అంకెల్లో కారణం ఉంది. వంగకుండా నిలబడే గట్టితనం హార్డ్ మేపుల్‌కు 12.6 గిగాపాస్కల్స్ అయితే టేకుకు 12.3, హోండురాస్ మహాగనికి 10. అంటే బిగువులో టేకు మేపుల్ పక్కన నిలబడుతుంది, తేమకు కదలడంలో మేపుల్‌ను దాటిపోతుంది. పైగా బరువు కొద్దిగా తక్కువ. మేపుల్ తెల్లగా మెరుస్తుందనే మోజు తప్ప, డెల్టాలో దాని కోసం పరుగెత్తాల్సిన పని నాకు కనిపించలేదు.

నెక్ ముక్కలో చూడాల్సినవి మూడు.

కొస చూడండి. పలక కొసన వలయాల గీతలు కనిపిస్తాయి. అవి పలక ముఖానికి నిలువుగా నిలబడి ఉండాలి. పడుకుని ఉంటే అది మామూలు కోత. తేమ మారితే కప్పులా వంగుతుంది. నిలువు గీతల కోత కావాలంటే దుంగ నట్టనడి గుజ్జు భాగాన్ని వదిలేసి, దాని పక్కనే వచ్చే పలకలు అడగాలి.

పక్క చూడండి. నార గీతలు ఒక కొస నుంచి రెండో కొసకు సాగాలి. 30 అంగుళాల ముక్కలో గీత మధ్యలోనే అంచు దాటి బయటికి వెళ్లిపోతే ఆ ముక్క వద్దు. అనుమానంగా ఉంటే అదే పలక నుంచి చిన్న ముక్క తీసుకుని ఉలి పెట్టి చీల్చండి. చీలిక ఎటు పోతే నార అటు. కంటికి కనిపించే చారలు మోసం చేస్తాయి, చీలిక చేయదు.

మెలిక చూడండి. రెండు తిన్నని స్కేళ్లను పలక మీద రెండు కొసలా అడ్డంగా పెట్టి, ఒక కన్ను మూసి చూడండి. రెండు అంచులూ సమాంతరంగా కనిపించాలి. విల్లులా వంగినదాన్ని చిత్రిక పట్టి సరిచేయొచ్చు. మెలిక తిరిగిన ముక్క సరిచేసినా మళ్లీ తిరుగుతుంది.

ఒక్క ముక్కలో ఇవన్నీ దొరక్కపోతే మూడు సన్న పలకలు అతికించండి. మధ్య పలకను కొస నుంచి కొసకు తిప్పి అతికిస్తే ఒకటి ఎటు వంగాలనుకుంటే రెండోది అటు పోనివ్వదు. దాంట్లో రెండువైపులా పనిచేసే ట్రస్ రాడ్ (నెక్ లోపల దాగే లోహపు కడ్డీ) వేయండి. ట్రస్ రాడ్ ముందుకో వెనక్కో వచ్చిన వంపును సరిచేస్తుంది కానీ మెలికను ఏమీ చేయలేదు.

## 5. ఫింగర్‌బోర్డ్‌కు

గట్టిగా, బరువుగా, నార దగ్గరగా ఉండాలి. రోజ్‌వుడ్ లీటరుకు 830 గ్రాములు. ఫ్రెట్ (ఫింగర్‌బోర్డ్ మీది అడ్డ లోహపు గీత) దిగే గాడి అంచు చెదరకుండా నిలుస్తుంది. బిల్లున్న డిపోలోనే కొనండి, బిల్లు దాచండి. రోజ్‌వుడ్ జాతులన్నీ 2017 జనవరి నాటికి సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జాతుల అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం) నియంత్రణలోకి వచ్చాయి. పూర్తయిన వాయిద్యాలకు 2019లో మినహాయింపు ఇచ్చారు కానీ ఉత్త కలపకు కాదు.

నల్లమద్ది కూడా 850 దగ్గర తూగుతుంది, ముదురు గోధుమరంగు. పాత బండి చక్రాల నుంచి వచ్చే నల్లతుమ్మ చేవ కూడా పనికొస్తుంది. చింత చేవ దొరికితే ఇంకా అందం, పొడుగు ముక్క దొరకడమే కష్టం. నేనైతే కొత్తవాళ్లకు రోజ్‌వుడ్డే చెబుతాను. మిగతావాటిని కోసేటప్పుడు రంపం పళ్లు అరిగిపోతాయి.

ఇక్కడ కూడా కొసన నిలువు గీతలే కావాలి. మామూలు కోత రోజ్‌వుడ్ బోర్డ్ వానాకాలం తేమ నుంచి ఏసీ గది పొడికి వెళ్తే, బాడీ వైపు కొసన మొత్తం వెడల్పులో దాదాపు 0.9 మిల్లీమీటర్లు తగ్గుతుంది. ఫ్రెట్లు లోహానివి, అవి తగ్గవు. ఫలితంగా వాటి కొసలు బయటికి వచ్చి వేలికి గీసుకుంటాయి. నిలువు కోతలో ఆ తేడా సగానికి పడిపోతుంది.

## 6. సామిల్లులో

పొద్దున్నే వెళ్లండి. మధ్యాహ్నం లోడు దిగే సమయంలో మీ అంగుళాల గోల వినే ఓపిక ఎవరికీ ఉండదు. వెంట ఉండాల్సినవి:

- టేపు, సుద్దముక్క, అట్ట ఆకారం
- వేలాడదీసే చిన్న తూకం
- తేమ మీటర్, సూదులున్న రకం
- టార్చి: పక్క నుంచి వెలుగు వేస్తే సన్నపగుళ్లు కనిపిస్తాయి
- తడిగుడ్డ: తుడిస్తే అసలు రంగు, నార బయటపడతాయి
- చిన్న చిత్రిక: ఒక మూల రెండు పట్లు పట్టి చూడటానికి (ముందు అడిగి)

"ఎండిందేనా అండి?" అని అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు, "ఎండిపోయిందండి, ఆయ్!" మేస్త్రి అబద్ధం చెప్పట్లేదు. గుమ్మాలకు, కిటికీలకు అది ఎండినదే. గిటార్‌కు కాదు. ఒకసారి నేను ఆ మాట నమ్మి 2 అంగుళాల టేకు తెచ్చుకున్నాను. పైన మీటర్ 12 చూపించింది. మధ్యకు కోసి లోపల గుచ్చితే 21.

అందుకే మీటర్‌ను పలక ముఖం మీదో కొస మీదో పెట్టొద్దు. కొస ముందు ఎండుతుంది. "మేస్త్రీ గారూ, ఓ అరడుగు కోసి ఇవ్వండి, ఆ డబ్బు కూడా ఇస్తాను" అని అడిగి, తాజాగా కోసిన ముఖం నడిమధ్యలో గుచ్చండి. లోపలికీ పైకీ 2 శాతం కన్నా తేడా ఉంటే ఆ కర్ర ఇంకా ఆరుతూనే ఉందని లెక్క.

డబ్బు ఇచ్చే ముందు:

- బాడీ రెండు ముక్కలూ ఒకే పలకవేనా? రంగు, బరువు కలుస్తాయి.
- నెక్ దిగే చోట, బ్రిడ్జ్ స్క్రూలు పడే చోట ముడి లేదుగా?
- సన్న రంధ్రాలు, వాటి కింద పిండిలాంటి పొడి ఉన్నాయా? ఉంటే పురుగు ఇంకా లోపలే ఉంది. వదిలేయండి.
- కొసల్లో పగుళ్లు ఎంత లోపలికి పోయాయి? పగులు కనిపించే చోటు తర్వాత ఇంకో రెండు అంగుళాలు పోయినట్టే లెక్కేసుకోండి.
- టేకు, రోజ్‌వుడ్ అయితే బిల్లు ఇచ్చారా?

## 7. పాత ఇంటి టేకు

డెల్టాలో ఉన్న పెద్ద అదృష్టం ఇది. మండువా లోగిళ్లు, పెంకుటిళ్లు విప్పుతుంటే దూలాలు, స్తంభాలు, ద్వారబంధాలు బయటికొస్తాయి. దశాబ్దాలుగా అదే గాలిలో ఆరిన కర్ర. దీనికి మించిన నెక్ కర్ర నాకు దొరకలేదు.

తలుపు రెక్కల కన్నా ద్వారబంధం, దూలం మేలు. రెక్కలు సన్నం, పైగా చెక్కుడు పని. ద్వారబంధం నిలువు ముక్క 4 × 3 అంగుళాలు ఉంటే దాంట్లోంచి నిలువు గీతల నెక్ ముక్క ఒకటైనా తీయొచ్చు. గడప మాత్రం అడగొద్దు. ఏళ్లపాటు పసుపు కుంకుమ పెట్టిన చెక్క అది. ఇల్లు అమ్ముకున్నవాళ్లు కూడా దాన్ని దాచుకుంటారు, అడిగితే నొచ్చుకుంటారు.

జాగ్రత్తలు: దూలం గోడలోకి దిగిన కొస ఒక అడుగు కోసి పారేయండి, చెదలూ చీకుడూ ఉండేది అక్కడే. మొత్తం పొడవునా అయస్కాంతం నడిపించి మేకులు వెతకండి. విరిగి లోపల ఉండిపోయిన మేకు రంపం బ్లేడును తినేస్తుంది, ఆ ఖర్చు సామిల్లు వాళ్లు మన దగ్గరే వసూలు చేస్తారు. పాత రంగు గీకేటప్పుడు మాస్కు పెట్టుకోండి. పాత పెయింట్లలో సీసం ఉంటుంది.

పాతది కదా అని నేరుగా కోతకు దిగొద్దు. వానకు తడిసిన కుప్పలోంచి తెచ్చి ఉంటే దానికీ కింది అంచె తప్పదు.

## 8. మీటర్ లేకుండా తేమ తెలుసుకోవడం

కర్ర మధ్యలోంచి అగ్గిపెట్టెంత ముక్క కోయండి. గ్రాములు చూపించే తూకంలో తూచి రాసుకోండి. ఓవెన్‌లో 100 నుంచి 105 డిగ్రీల దగ్గర పెట్టి, గంటకోసారి తూచండి. బరువు తగ్గడం ఆగిపోయాక ఉన్నదే పొడి బరువు.

మొదటి బరువులోంచి పొడి బరువు తీసేసి, వచ్చినదాన్ని పొడి బరువుతో భాగించి 100తో గుణించండి. 56 గ్రాముల ముక్క 50 దగ్గర ఆగితే తేమ 12 శాతం. చవక మీటర్ల కన్నా ఈ లెక్క నిజాయితీ గలది.

## 9. ఇంట్లో ఆరబెట్టడం

పచ్చి పలక అంగుళం మందానికి ఏడాది అన్నది పాత లెక్క. మన తేమలో అది తొందరపాటే. సామిల్లు నుంచి 14, 15 శాతంతో వచ్చిన కర్రకు మాత్రం రెండు మూడు నెలలు చాలు, సరిగా పేరిస్తే.

1. ఇంటికి తెచ్చిన రోజే కొసలకు ఆయిల్ పెయింట్ మందంగా పూయండి. కొస నుంచి తేమ త్వరగా పోతే పగుళ్లు వస్తాయి.
2. నేల మీద పెట్టొద్దు. అడుగు ఎత్తున దిమ్మలు వేసి పైన పేర్చండి.
3. పలకల మధ్య అర అంగుళం పుల్లలు పెట్టండి. పై వరస పుల్ల కింది వరస పుల్ల మీదే పడాలి. పక్కకు జరిగితే పలక ఆ వంపునే నేర్చుకుంటుంది.
4. పైన ఇటుకలు బరువు పెట్టండి.
5. నీడ, గాలి చాలు. గదిలో ఫ్యాన్ తిరిగితే ఇంకా మంచిది. ఎండ వద్దు.

మొదటి పనస పలకను నేను మే నెలలో డాబా మీద ఆరేశాను, వడియాల పక్కన. సాయంత్రానికి టప్పుమని శబ్దం. వెళ్లి చూస్తే ఈ కొస నుంచి ఆ కొసకు బీట. అమ్మ మాత్రం "వడియాలు బానే ఎండాయిరా" అంది.

ప్రతి పలక మీదా పెన్సిల్‌తో బరువు, తేదీ రాయండి. ప్రతి ఆదివారం తూచండి. వరసగా మూడు వారాలు బరువు మారకపోతే ఆ గది గాలితో కర్ర సర్దుకున్నట్టు. వానాకాలంలో సర్దుకున్న కర్ర మాత్రం 16 దగ్గర సర్దుకుని ఉంటుంది, మోసపోవద్దు. ఆ నెలల్లో తప్పదనుకుంటే పలకలను ఏసీ నడిచే గదిలో నాలుగైదు వారాలు పెట్టండి.

## 10. కోసే వరస

ఒకేరోజు 2 అంగుళాల పలకను 1.75కి దించితే మర్నాటికి అది వంగుతుంది. లోపల దాగిన బిగువు బయటపడుతుంది కాబట్టి. ఓపిక పట్టాల్సిన చోటు ఇదే.

1. బాడీ ముక్కల్ని 50 మిల్లీమీటర్ల దగ్గర రెండువైపులా సమంగా చిత్రిక పట్టండి. ఒకవైపే తీయొద్దు.
2. పుల్లల మీద రెండు వారాలు వదిలేయండి.
3. 47కి దించండి. మళ్లీ వారం.
4. అతికే అంచులు కలిపి వెలుతురు చూడండి. మధ్యలో వెలుగు గీత కనిపిస్తే ఇంకా పని ఉంది. క్లాంప్ బిగించి మూయొచ్చనుకోవద్దు.
5. టేకు, రోజ్‌వుడ్ అయితే అతికే ముందు ఎసిటోన్‌తో తుడిచి, ఆరిన వెంటనే జిగురు రాయండి. వాటి నూనె మళ్లీ పైకి వస్తుంది, గంట ఆగితే తుడిచిన ఫలం పోతుంది.
6. అతికాక నాలుగు రోజులు ఆగి 45కి దించి, అప్పుడు ఆకారం కోయండి. జిగురులోని నీరు అతుకు దగ్గర కర్రను ఉబ్బిస్తుంది. అది దిగకముందే చదును చేస్తే తర్వాత అక్కడ పల్లం పడుతుంది.

నెక్‌కూ ఇదే వరస, ఇంకా నిదానంగా. ట్రస్ రాడ్ గాడి తొలిచాక వారం, వెనక గుండ్రం మూడు వంతులు తీశాక మరో వారం. ఆ తర్వాతే ఫింగర్‌బోర్డ్ చదును, ఫ్రెట్లు.

## 11. తప్పు జరిగిపోతే

అతుకు గీత తేలింది. కర్ర తడిగా ఉండగా అతికించారు. గీత వెంట రంపంతో కోసి, నెల ఆరబెట్టి, అంచులు మళ్లీ కలిపి అతికించండి. పైన లప్పం పూస్తే ఆరు నెలల్లో మళ్లీ కనిపిస్తుంది.

కొసన సన్నపగులు. ఆకారం బయట పడితే వదిలేయండి. లోపల పడితే పల్చటి అరాల్డైట్‌ను కాస్త వేడిచేసి పగులులోకి దించి క్లాంప్ చేయండి. నెక్ పాకెట్‌లోకి పోయిన పగులైతే మాత్రం ముక్క మార్చాల్సిందే.

టేకు మీద పాలిష్ ఆరట్లేదు, జిగటగా ఉంది. నూనె అడ్డుపడుతోంది. మొత్తం తీసేసి, మైనం లేని లక్క పాలిష్ ఒక కోటు వేసి, ఆపైన మీకు కావాల్సింది వేయండి.

గిటార్ తల కిందికి వాలుతోంది. తేలిక బాడీకి బరువు నెక్ పడింది. తేలిక ట్యూనర్లు వేసి చూడండి, లేదా పట్టీ బొత్తాన్ని పన్నెండో ఫ్రెట్ వైపుకు జరపండి.

ఫ్రెట్ కొసలు గీసుకుంటున్నాయి. వెంటనే ఆకురాయి పట్టొద్దు. గిటార్‌ను ఆ పొడి గదిలోనే నెల ఉంచి, కుంచించుకోవడం ఆగాక ఒకేసారి అరగదీయండి. వానాకాలంలో అవి మళ్లీ లోపలికి పోయినట్టు అనిపిస్తుంది, అది పర్వాలేదు.

నెక్ మెలిక తిరిగింది. కొద్దిగా అయితే ఫ్రెట్లు తీసి ఫింగర్‌బోర్డ్‌ను మళ్లీ చదును చేస్తే సర్దుకుంటుంది. కంటికి కనిపించేంత అయితే కొత్త నెక్. నేను రెండు నెక్‌లు ఇలా పారేశాను. ఒకటి ఇప్పుడు మా ఇంట్లో బట్టలు తగిలించే కొక్కేల పలక.

చివరగా ఒక పని. నెక్ కోసినప్పుడు మిగిలిన ముక్కను పాలిష్ చేయకుండా ఉంచి, దాని మీద పెన్సిల్‌తో బరువూ తేదీ రాసి గిటార్ కేసులో పడేయండి. ఎప్పుడైనా నెక్ వంగిందనిపిస్తే ట్రస్ రాడ్ తిప్పే ముందు ఆ ముక్క తూచండి. బరువు పెరిగి ఉంటే కర్ర తేమ తాగింది, తగ్గి ఉంటే ఎండింది. రాడ్ తిప్పే తాళంచెవి చేతిలోకి తీసుకునే ముందు గిటార్‌ను వారం రోజులు వేరే గదిలో పెట్టి చూడండి.